అయిదు నిమిషాల వెనక మూడువేల ఏళ్ళు

పెళ్ళిపందిట్లోనో, బస్టాండులోనో, గుడి మెట్లమీదో ఎవరైనా హఠాత్తుగా పడిపోయి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూంటే మనవాళ్ళు మొదట చేసే పని ఏమిటో మీకు తెలుసు. "తాళాలు, తాళాలు!" అని ఒక కేక. ఎవరో పెద్దావిడ బొడ్లోంచి తాళాలగుత్తి తీసి ఆ మనిషి గుప్పిట్లో పెడుతుంది. ఇంకొకావిడ ఉల్లిపాయ చితగ్గొట్టి ముక్కు దగ్గర పెడుతుంది. వేరొకాయన ఎక్కణ్ణించో చెంచా పట్టుకొచ్చి పళ్ళమధ్య దూర్చబోతాడు. ఇంతలో కొట్టుకోవడం తగ్గుతుంది. "చూశారా, ఇనుం తగలగానే ఎలా దిగిందో!" అంటూ తాళాలగుత్తి మళ్ళీ బొడ్లోకి వెళ్ళిపోతుంది.

పాపం, అందులో తాళాల గొప్పేమీ లేదు. మూర్ఛ అన్నది చాలామందిలో ఒకటి రెండు నిమిషాల్లో తనంతట తనే ఆగిపోతుంది. తాళాలు వెతికి తెచ్చేసరికి ఆ రెండు నిమిషాలూ గడిచిపోతాయి.

ఇంత హడావుడిలోనూ ఎవరూ చేయని పని ఒకటుంది. గడియారంవంక చూడటం. ఎన్ని నిమిషాలైందని తర్వాత డాక్టరు అడిగితే ఒకరు రెండంటారు, ఒకరు పదంటారు, కన్నతల్లిని అడిగితే "ఒక యుగం బాబూ" అంటుంది. కాని ఆ రెండు నిమిషాలకీ ఆ పది నిమిషాలకీ మధ్య ఉన్న తేడా ఒక్కోసారి ప్రాణానికీ మరణానికీ మధ్య ఉన్న తేడా. రెండు నిమిషాల్లో ఆగినది మూర్ఛ. ఆగకుండా సాగిపోయేది, లేదా మనిషికి తెలివి రాకుండానే ఒకదాని వెనక ఒకటిగా వచ్చిపడేది వేరే ఆపద. డాక్టర్లు దాన్ని "స్టేటస్ ఎపిలెప్టికస్" అంటారు. స్టేటస్ అనగానే మనకు కారూ మేడా గుర్తొస్తాయి గాని, లాటిన్‌లో ఆ మాటకి ఉన్న స్థితి అని మాత్రమే అర్థం. మూర్ఛే మనిషికి స్థితి అయిపోవడం. మన మాటల్లో ఆగని మూర్ఛ అనుకుందాం.

ఈ తేడా తెలుసుకోవడానికి మనుషులకు సుమారు మూడువేల ఏళ్ళు పట్టింది. ఆ కథ కాస్త ఓపిగ్గా వినండి.

క్రీస్తుకు ముందు పదకొండో శతాబ్దంలో బాబిలోను వైద్యులు రోగాల లక్షణాలన్నీ నలభై మట్టిపలకల మీద రాసి పెట్టారు. ఆ గ్రంథం పేరు సకిక్కు. అందులో మూర్ఛకి ప్రత్యేకంగా చోటుంది. వాళ్ళ లెక్కలో అది దయ్యం పట్టడం. అయినా కళ్ళు మాత్రం డాక్టరు కళ్ళే. పట్టు వచ్చేముందు ఏమౌతుంది, రాత్రి ఏ జామున వస్తుంది, నోట నురుగు వస్తుందా, అన్నీ గమనించారు. ఒకేరోజున పట్టు మళ్ళీ మళ్ళీ వచ్చి వదలకపోతే ప్రాణంమీదికి వచ్చినట్టేనని కూడా చెప్పారు. ఆగని మూర్ఛ గురించి మనకు దొరికిన మొదటి ముక్క అదేనంటారు చరిత్రకారులు.

క్రీస్తుకు ముందు 400 ప్రాంతంలో గ్రీసుదేశంలో హిప్పోక్రటీసు పేరుమీద వచ్చిన ఒక గ్రంథం, దీన్ని దేవతల మీదికి నెట్టకండి, ఇది మెదడులో పుట్టే జబ్బు అని తేల్చింది. మన చరకుడు దీనికి అపస్మారమని పేరుపెట్టాడు. స్మృతి తప్పిపోవడమని అర్థం. వాతం, పిత్తం, కఫం, మూడూ కలిసిన సన్నిపాతం అని నాలుగు రకాలు చెప్పి, చివరిది కుదరదన్నాడు. చిదంబరం నటరాజస్వామి కుడిపాదం కింద ఒక మరుగుజ్జు ఉంటాడు చూశారా, వాడి పేరు కూడా అపస్మారుడే. స్వామి వాణ్ణి చంపడు, లేవనీయకుండా తొక్కిపట్టి ఉంచుతాడు. రోజూ మాత్ర వేసుకుని మూర్ఛని తొక్కిపట్టి ఉంచేవాళ్ళకి ఆ భంగిమ ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

ఇక అక్కణ్ణించి పారిస్ నగరానికి వద్దాం. అక్కడ సాల్పెత్రియేర్ అని పెద్ద ఆసుపత్రి. ఒకనాడు అది దిక్కులేని ఆడవాళ్ళని చేర్చుకునే శరణాలయం. ముసలివాళ్ళు, మతిచలించినవాళ్ళు, మూర్ఛలున్నవాళ్ళు వేలకొద్దీ అందులో బతికారు. పక్కపక్క మంచాల మీద ఏళ్ళతరబడి పడున్న ఆ ఆడవాళ్ళకి ఒకరి జబ్బు సంగతి ఒకరికి బాగా తెలుసు. ఏ మూర్ఛ వచ్చి పోయేదో, ఏది మనిషిని తీసుకుపోయేదో వాళ్ళు కనిపెట్టారు. ఆ రెండోదాన్ని తమలో తాము "ఎతా ద మాల్" అని పిలుచుకున్నారు. జబ్బుస్థితి అన్నమాట. 1824లో కాల్మేయ్ అనే యువవైద్యుడు తన పరిశోధన వ్యాసంలో ఆ మాటనే రాశాడు. నలభై, అరవై మూర్ఛలు ఎడతెగకుండా రావడం చూశానని చెబుతూ, రోగులు తమలో తాము దీన్ని ఇలా అంటారని ఒప్పుకున్నాడు. 1860ల చివరలో ట్రూసో అనే ఫ్రెంచి డాక్టరు ఉపన్యాసాలు ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు అదే మాట లాటిన్ వేషం కట్టి పుస్తకాల్లోకి ఎక్కింది. డాక్టర్ల కంటే ముందు ఆ జబ్బుకు పేరుపెట్టింది అక్కడి రోగులే, అందులోనూ ఎవరూ పట్టించుకోని పేద ఆడవాళ్ళు! ఈ సంగతి చదివినప్పుడు నాకు వంటింటి వైద్యాలన్నిటిమీదా కొంచెం గౌరవం పెరిగింది. తాళాలగుత్తి మీద తప్ప.

అదే ఆసుపత్రిలో 1870లలో బూర్నెవీల్ అనే డాక్టరు రోగుల దగ్గర థర్మామీటరు పెట్టుకుని కూచున్నాడు. మామూలు మూర్ఛకి జ్వరం పెద్దగా రాదు గాని, ఆగని మూర్ఛలో ఒళ్ళు కాలిపోతుందని, ఆ వేడి పెరిగిపోతున్నకొద్దీ మనిషి దక్కడం కష్టమని గుర్తించాడు. గుర్తించి మాత్రం ఏంచేస్తాడు? చేతిలో మందు లేదు.

మందు వచ్చిన తీరూ చిత్రమే. 1857 మేలో లండన్‌లో డాక్టర్ల సభ జరుగుతూంటే సర్ చార్లెస్ లోకాక్ లేచి నుంచున్నాడు. ఆయన విక్టోరియా రాణిగారికి పురుళ్ళుపోసిన డాక్టరు. నెలసరి రోజుల్లో మూర్ఛలొచ్చే ఆడవాళ్ళకి పొటాషియం బ్రోమైడు ఇచ్చి చూశాను, బాగా పనిచేసిందన్నాడు. దానికి ఆయన చెప్పిన కారణం తప్పు. మందు మాత్రం నిజం. మూర్ఛల మీద నికరంగా పనిచేసిన మొదటి మందు అదే. నెలసరి దగ్గరపడ్డప్పుడు కొందరికి మూర్ఛలు ఎక్కువౌతాయన్న మాట కూడా అబద్ధం కాదు, ఇప్పటి డాక్టర్లూ ఒప్పుకుంటారు.

తర్వాత 1912లో జర్మనీలో హౌప్ట్‌మన్ అనే కుర్రడాక్టరు. ఆయన ఉండే గది రోగుల వార్డుకి పైన. రాత్రుళ్ళు మూర్ఛల చప్పుడుకి నిద్రపట్టక, వాళ్ళు నిద్రపోతే తనూ కాస్త నిద్రపోవచ్చునని కొత్తగా వచ్చిన నిద్రమందు లూమినాల్ ఇచ్చాడని చెబుతారు. నిద్ర సంగతి అలా ఉంచి, మూర్ఛలే తగ్గిపోయాయి. అదే మనవాళ్ళు తరాల తరబడి చీటీలో చూసిన గార్డినాల్ మాత్ర. 1938లో అమెరికాలో పట్నమ్, మెరిట్ అనే ఇద్దరు పిల్లుల మీద పరీక్షించి ఫెనిటాయిన్‌ని తెచ్చారు. ఎప్టాయిన్ అంటే మీలో చాలామంది గుర్తుపడతారు.

ఇవన్నీ మూర్ఛ రాకుండా ఆపేవి. మరి వచ్చి ఆగనిదాన్ని ఆపడమెలా? చాలాకాలం పారాల్డిహైడు ఇచ్చేవారు. వార్డంతా గుప్పుమనే కంపు. ప్లాస్టిక్ సిరంజీలో పోస్తే సిరంజీనే కరిగించేది, గాజుది వాడాల్సొచ్చేది. ఇంతలో రోషే మందుల కంపెనీలో స్టెర్న్‌బాక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు, పనికిరాదని పక్కన పడేసిన పదార్థాన్ని 1957లో బల్లలు సర్దుకుంటున్నప్పుడు పరీక్షకి పంపిస్తే, అది ఆందోళనకి గొప్ప మందని తేలింది. దాని చెల్లెలే 1963లో బజారుకొచ్చిన వేలియం, అనగా డయజిపాం. ఫ్రాన్సులో మార్సెయ్ ఊళ్ళో గాస్టో అనే డాక్టరు 1962లో ఆగని మూర్ఛ మీదనే ఒక సదస్సు జరిపించాడు. మూడేళ్ళ తర్వాత, 1965లో, ఆయనా ఆయన సహచరులూ ఈ డయజిపాం నరంలోకి ఎక్కిస్తే మూర్ఛ ఆగిపోతోందని ప్రకటించారు. బాబిలోను వైద్యుడు చేతులెత్తేసిన చోట డాక్టరు సూది పట్టుకుని నిలబడగలిగాడు.

అంతటితో కథ కంచికి వెళ్ళలేదు. మందు దొరికాక, ఎప్పుడివ్వాలి అన్న ప్రశ్న వచ్చింది. గడియారం రంగంలోకి దిగింది అప్పుడే.

1973లో ఇంగ్లండులో మెల్డ్రమ్, బ్రియర్లీ అనే శాస్త్రజ్ఞులు బబూన్ కోతుల మీద ప్రయోగాలు చేశారు. మూర్ఛ గంటలకొద్దీ సాగితే మెదడులో కణాలు చచ్చిపోతున్నాయి. సరే, అంత కొట్టుకుంటే, ఊపిరాడకపోతే, జ్వరం వస్తే చావవా అనుకున్నారు. కొట్టుకోకుండా కండరాలను స్తంభింపజేసి, యంత్రంతో ఊపిరి ఆడించి చూశారు. నష్టం తగ్గింది గాని పోలేదు. అంటే మెదడులోని ఆ మూర్ఛే మెదడుని తినేస్తోందన్నమాట.

తర్వాత పరిశోధనల్లో ఇంకో సంగతి బైటపడింది. మెదడుకి తనదైన బ్రేకు ఒకటుంది. మామూలు మూర్ఛని ఒకటి రెండు నిమిషాల్లో ఆపేది అదే. డయజిపాంలాంటి మందులు చేసే పని కూడా ఆ బ్రేకుని గట్టిగా నొక్కడమే. మూర్ఛ సాగినకొద్దీ ఆ బ్రేకు పనిచేసే చోట్లు కణాల పైపొరమీంచి లోపలికి జారుకుంటాయి. ఇక మందు ఎక్కించినా నొక్కడానికి అక్కడ బ్రేకు ఉండదు. పొయ్యిమీద పాలు పొంగబోతున్నప్పుడు మంట తగ్గిస్తే చాలు. పొంగి పొయ్యంతా పారాక తగ్గించి ఏం లాభం? అదే మందు అయిదో నిమిషంలో పనిచేసినట్టు నలభయ్యో నిమిషంలో పనిచేయదు.

అందుకే డాక్టర్ల నిర్వచనం కూడా కుదించుకుంటూ వచ్చింది. 1962లో నిమిషాల లెక్కే లేదు. తర్వాత ముప్ఫై నిమిషాలు దాటితే ఆగని మూర్ఛ అన్నారు. ముప్ఫై నిమిషాలూ చేతులు కట్టుకు చూస్తూ కూచోవాలా అని 1999లో కొందరు డాక్టర్లు అడిగి, అయిదు నిమిషాలు దాటితే వైద్యం మొదలుపెట్టమన్నారు. 2015లో ప్రపంచ మూర్ఛవైద్యుల సంఘమూ అదే ఖాయం చేసింది. ఒళ్ళంతా కొట్టుకునే మూర్ఛ అయిదు నిమిషాలు దాటితే దానంతట అది ఆగడం కష్టం, ముప్ఫై దాటితే మెదడుకి శాశ్వతమైన దెబ్బ తగలవచ్చు. ఇదీ లెక్క.

ఈ ఆపద పెద్దవాళ్ళకి ఎందుకొస్తుంది? అమెరికాలో రిచ్‌మండ్ నగరంలో డిలోరెంజో అనే డాక్టరు బృందం ఏళ్ళతరబడి లెక్కలు తీసింది. పెద్దవాళ్ళలో అన్నిటికంటే ముందు నిలిచిన కారణం ఏమిటనుకున్నారు? ఏ వింత జబ్బూ కాదు. వేసుకోవలసిన మూర్ఛమాత్రలు సరిగ్గా వేసుకోకపోవడం. సుమారు మూడోవంతు మందికి అదే. దాని వెనక పక్షవాతం, పాత దెబ్బల వల్ల మెదడులో మిగిలిన మచ్చలు, తాగుడు, రక్తంలో చక్కెరా ఉప్పూ పడిపోవడం వస్తాయి. మన దేశంలో మెదడువాపు జ్వరం, మెదడులో క్షయ గడ్డలు, బద్దెపురుగు గుడ్ల వల్ల ఏర్పడే తిత్తులు కూడా ఈ జాబితాలో చేరతాయి.

ఆడవాళ్ళం మరో రెండు గుర్తుంచుకోవాలి. ఒకటి గుర్రపువాతం. నిండుచూలాలికో పచ్చిబాలింతకో రక్తపోటు పెరిగి వచ్చే మూర్ఛ. దీనికి ఏ మందు మేలని మన దేశంతో సహా ఎన్నో దేశాల్లో 1600 మందికి పైగా తల్లుల మీద పరీక్షించి 1995లో తేల్చారు. చవకైన మెగ్నీషియం సల్ఫేటు ముందు డయజిపాం, ఫెనిటాయిన్ రెండూ ఓడిపోయాయి. డయజిపాంతో పోలిస్తే మూర్ఛ మళ్ళీ రావడం సగానికి సగం తగ్గింది. రెండోది, మన ఒంట్లో రోగాలతో పోరాడే సైన్యమే దారితప్పి మెదడు మీద పడటం. ఇందులో ఒక రకాన్ని 2007లో డాల్మౌ అనే డాక్టరు బయటపెట్టాడు. ఎక్కువగా పడుచు ఆడవాళ్ళకి వస్తుంది. మొదట వింత మాటలూ వింత చేష్టలూ, తర్వాత మూర్ఛలు. కొందరిలో దానికి మూలం అండాశయంలోని గడ్డ. దాన్ని తీసేసి తగిన వైద్యం చేస్తే చాలామంది కోలుకుంటారు. పూర్వం ఇలాంటి పిల్లల్ని ఎన్ని భూతవైద్యుల దగ్గరికి తిప్పి పోగొట్టుకున్నామో!

వైద్యం ఇప్పుడు మెట్లుమెట్లుగా ఉంటుంది. మొదటి మెట్టు డయజిపాం కుటుంబపు మందు. ఆసుపత్రి చేరేదాకా ఆగకుండా అంబులెన్సులోనే ఇస్తే ఎలా ఉంటుందని శాన్‌ఫ్రాన్సిస్కోలో పరీక్షించారు. 2001లో వచ్చిన ఫలితాల ప్రకారం మందులేని సూది ఇచ్చినవాళ్ళలో నూటికి 21 మందికే ఆసుపత్రి చేరేసరికి మూర్ఛ ఆగింది, లోరజిపాం ఇచ్చినవాళ్ళలో 59 మందికి ఆగింది. కొట్టుకుంటున్న మనిషికి నరం దొరకడమే కష్టం కదా అని కండలోకి మిడజొలాం ఇచ్చి చూస్తే, 2012లో నూటికి 73 మందికి ఆగింది. నరంలోకి ఇచ్చిన లోరజిపాంకి 63. మిడజొలామే ముక్కులో కొట్టే స్ప్రేగా మన మందుల షాపుల్లోనూ డాక్టరు చీటీ మీద దొరుకుతోంది. మాటిమాటికీ మూర్ఛ వచ్చేవాళ్ళున్న ఇళ్ళు దీన్నిగురించి తమ డాక్టరుని అడిగి తీరాలి.

మొదటి మెట్టుకి లొంగకపోతే రెండోదానికి మూడు మందులున్నాయి. లెవిటిరాసిటాం, ఫాస్ఫెనిటాయిన్, వాల్‌ప్రోయేట్. వీటిలో ఏది గొప్పదని 2019లో పోల్చి చూస్తే మూడూ సమానమే, ఒక్కొక్కటీ సుమారు సగంమందిలో పనిచేసింది. వాటికీ లొంగకపోతే మత్తుమందిచ్చి, యంత్రంమీద ఊపిరి ఆడిస్తూ మెదడుకి విశ్రాంతినివ్వడమే. అప్పుడు ఒంట్లో కదలిక ఉండదు గనుక లోపల మూర్ఛ ఆగిందో లేదో తెలియాలంటే మెదడు విద్యుత్తుని గీతల్లో చూపించే ఇ.ఇ.జి. ఒక్కటే దారి. జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లో మనిషి మెదడు నుంచి మొదటిసారి తీసిన గీతలు ఇప్పుడలా అక్కరకొస్తున్నాయి.

ఇక దక్కేదెంతమంది? రిచ్‌మండ్ లెక్కల్లో ఆగని మూర్ఛ వచ్చినవాళ్ళలో నూటికి 22 మంది పోయారు. పిల్లల్లో నూటికి ముగ్గురు, ముసలివాళ్ళలో 38 మంది. దేనివల్ల వచ్చిందన్నదే చాలావరకు రాతని నిర్ణయిస్తుంది. మాత్ర మానడంవల్ల వచ్చినవాళ్ళు ఎక్కువమంది బతికి బయటపడ్డారు. మెదడుకి ఊపిరి అందక వచ్చినవాళ్ళు తక్కువ. అదే ఊళ్ళో 253 మంది పెద్దవాళ్ళ మీద తీసిన మరో లెక్క 1994లో వచ్చింది. మూర్ఛ గంటలోపల ఆగినవాళ్ళలో నూటికి ముగ్గురికంటే తక్కువ పోయారు. గంట దాటినవాళ్ళలో 32 మంది. ఈ రెండు అంకెలూ చూశాక గడియారం మీద నాకెందుకింత పట్టుదలో మీకు అర్థమై ఉంటుంది.

చివరికి ఆ మొదటి కారణం దగ్గరికే వస్తాను. మాత్ర ఎందుకు మానేస్తారు? మరుపువల్ల కొందరు, డబ్బులేక కొందరు, "తగ్గిపోయిందిగా" అని కొందరు. మన ఇళ్ళలో ఇంకొకటుంది. పెళ్ళి. అమ్మాయికి మూర్ఛలున్న సంగతి దాచి పెళ్ళి చేస్తారు. అత్తారింట్లో మాత్ర కంటపడితే ఏమౌతుందోనని ఆ పిల్ల మాత్ర మానేస్తుంది. పెళ్ళిళ్ళ ఉపవాసాలు, రాత్రి జాగరణలు సరేసరి. అలా మానిన పదోరోజునో, నెలకో వస్తుంది ఆగని మూర్ఛ. దీనికి మన చట్టం కూడా కొంత బాధ్యురాలు. మాటిమాటికీ మూర్ఛలొచ్చేవాళ్ళు పెళ్ళికి తగరని 1976లో హిందూ వివాహ చట్టంలో ఒక మాట చేర్చారు. 1999లో ఆ మాట తీసేశారు. చట్టంలోంచి తీసేసినా మన నోళ్ళలోంచి ఇంకా పోలేదు. సంబంధం చూడబోతే, "అమ్మాయికి ఏవో మాత్రలట" అని చెవులు కొరుక్కునేది ఎవరు? మనమే కదూ?

మాత్ర వేసుకుంటున్న పిల్ల భయపెట్టే పిల్ల కాదు. మానేసిన పిల్లని చూసి భయపడాలి. కోడలు పగలు అందరి ఎదుటా మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని మాత్ర వేసుకోగలిగిన ఇల్లు ఆ పిల్లకి సగం వైద్యం. మానవలసి వస్తే డాక్టరే మెల్లమెల్లగా మానిపిస్తాడు. ఒక్కరోజున కాదు.

ఈసారి మీ ఎదుట ఎవరైనా పడిపోతే తాళాలగుత్తి బొడ్లోనే ఉండనివ్వండి. చెంచా, నీళ్ళు, ఏదీ నోట్లో పెట్టకండి. చుట్టూ గట్టి వస్తువులుంటే జరిపి, తలకింద మెత్తటిదేదైనా పెట్టి, కొట్టుకోవడం తగ్గగానే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండా మళ్ళీ వచ్చినా 108కి ఫోన్ చేయించండి. చూలాలైతే అయిదు నిమిషాలు కూడా ఆగకండి. 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులోనే మొదలైంది. ఆసుపత్రిలో డాక్టరు "ఎంతసేపైంది?" అని అడిగితే, "సరిగ్గా పది ఇరవైకి మొదలైందండీ" అని చెప్పగలిగిన ఒక్క మనిషి ఆ గుంపులో ఉంటే చాలు. ఆ మనిషి మీరే ఎందుకు కాకూడదు?